ఇన్‌స్పెక్టరు గారి గిలక్కాయ

ఆ బొమ్మల కొట్లో తయారైన ఏ వస్తువైనా గుమ్మం దాటాలంటే ఇన్‌స్పెక్టరు గారి ఆమోదం కావాలి. ఇన్‌స్పెక్టరు గారికి ఇంకా నడక రాలేదు. పైన రెండు పళ్లు, కింద రెండు పళ్లు, ఇద్దరు పిల్లలకు సరిపడా బుగ్గలు, ఎప్పుడు చూసినా తడిసి ఉండే గడ్డం. పక్కింటి టైలరమ్మ కొడుకు. పొద్దున్నే తల్లి కుట్టుమిషను ముందు కూర్చోబోతూ వాణ్ని తెచ్చి కొట్లో చాప మీద దింపి పోతుంది. ఆ క్షణం నుంచి వాడు డ్యూటీలో ఉన్నట్టే లెక్క.

వాడికి ముందు ఆ ఉద్యోగం ఎదురింటి పిల్లది. మాటలు రావడంతో ఆ పిల్ల కొలువు ఊడింది. "మాటలొస్తే అబద్ధాలూ వస్తాయి. చాక్లెట్ ఇస్తే బాగుందంటుంది, ఇవ్వకపోతే బాలేదంటుంది. పరీక్షకి అలాంటివాళ్లు పనికిరారు" అని అత్తగారి తీర్మానం.

అత్తగారంటే ఆ కొట్టుకు యజమానురాలు. మనం ఈ సంగతంతా కోడలి వైపు నిలబడి చూస్తున్నాం కాబట్టి ఆవిణ్ని అత్తగారనే అందాం. ఆ ఇంట్లో ఉలి అత్త చేతి నుంచి కోడలి చేతికి వస్తుంది. మగవాళ్లకు రంపం, బేరాలు, సైకిలు మీద సరుకు మోత. ఇదేం పద్ధతి అని అడిగినవాళ్లను అత్తగారు కళ్లజోడు మీదుగా ఎగాదిగా చూసి, మళ్లీ తన పనిలో పడుతుంది. జవాబు అంతే.

పరీక్ష కూడా ఆషామాషీగా ఉండదు. ముందు ప్రతి బొమ్మా అత్తగారి నోట్లోకి వెళ్లాలి. పసివాళ్లు ఎలాగూ నోట్లో పెట్టుకుంటారు, ముందు నేను పెట్టుకుంటే నా సొమ్మేం పోయింది అంటుంది ఆవిడ. అంచు కొరుకుతుంది, మూలలు నాలుకతో తడుముతుంది, చెవి పక్కన పెట్టి ఊపుతుంది. బేరానికి వచ్చినవాళ్లకు నెరిసిన జుట్టుతో, నోట్లో సగం కొయ్య కుందేలుతో ఒక పెద్దావిడ ఎదురై, ఆ కుందేలు పక్క నుంచే "కూర్చోండి" అంటుంటే ఏమనాలో తోచేది కాదు.

ఆ గండం గడిచాక ఇన్‌స్పెక్టరు గారి వంతు. కొత్త బొమ్మను పాత బొమ్మల మధ్య చాప మీద పెడతారు. ఆ తరవాత ఎవరూ వాణ్ని పిలవకూడదు, చప్పట్లు కొట్టకూడదు, నవ్వకూడదు, కొత్త బొమ్మ వైపు కన్నెత్తి చూడకూడదు. వాడు దాన్ని తీసుకున్నంత మాత్రాన ఏమీ కాదు. కొత్తదైతే వాడు చెప్పునైనా తీసుకుంటాడు. దాన్ని వదిలేసి, ఇంకోటి పట్టుకుని, దాన్నీ వదిలేసి, మళ్లీ మొదటిదాని దగ్గరకు రావాలి. "తిరిగొస్తేనే బొమ్మ. లేకపోతే అది పుల్ల" అనేది అత్తగారి రూలు. ఆవిడ అత్తగారి నుంచి వచ్చిన రూలు కాబట్టి దానికి అప్పీలు లేదు.

కోడలు ఆ ఇంట్లో అడుగుపెట్టింది మొదలు, కొయ్యను నున్నగా రుద్దే ఉప్పు కాగితం పట్టుకుని వెనక బల్ల దగ్గరే కూర్చుంది. వెనక బల్ల గోడకు ఆనుకుని ఉంటుంది. అక్కడ కూర్చుంటే గోడ కనిపిస్తుంది, గోడ మీద బల్లి కనిపిస్తుంది, అంతే. అత్తగారు చెక్కిన బొమ్మలు ఒక్కొక్కటే వస్తుంటాయి, తను వాటిని గీకి, రుద్ది, నూనె పట్టించి, మైనం పూసి, మెరిపించి పక్కన పెడుతుంటుంది. పనిలో ఎవరూ వంక పెట్టలేరు. ఆ నునుపు చూసి బేరగాళ్లు బుగ్గకు ఆనించుకునేవాళ్లు.

కానీ ఆమె మనసంతా కిటికీ పక్క బల్ల మీదే. కొయ్యను బిగించి తిప్పే తరిణి ఆ బల్లకే ఉంది. ఉలులు అక్కడే వరసగా ఉంటాయి. వెలుతురు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆ బల్ల మీదే పడుతుంది. తన తలలో ఎన్నో ఆకారాలు తిరుగుతుంటే, చేతులు మాత్రం ఇంకొకరి ఆకారాలను నున్నగా చేస్తూ బతకడం ఆమెకు ఎక్కడో గుచ్చుకునేది. తన ఊహలో పుట్టిన బొమ్మ ఒక్కటైనా ఒక పసివాడి గుప్పిట్లో చూడాలని ఆమె కోరిక. ఒకరోజు ధైర్యం చేసి ఆ మాటే అనేసింది.

అత్తగారు కోప్పడలేదు. "మొదటి నుంచి చివరిదాకా ఇంకొకరి ఉలి తగలకుండా నువ్వే ఒక బొమ్మ చెయ్యి. నేను మధ్యాహ్నం కునుకు తీసేటప్పుడు నా బల్ల వాడుకో. ఇన్‌స్పెక్టరు ఒప్పుకున్నాడంటే ఆ బల్ల నీదే. ఒప్పుకునేదాకా ఉప్పు కాగితం నీది" అంది.

మొదట కోడలు ఒక పిట్టను చేసింది. మామూలు పిట్ట కాదు. కింద చక్రాలు, చక్రాలు తిరిగితే రెక్కలు ఆడతాయి, తల అటూ ఇటూ తిరుగుతుంది. ఆమె భర్త దాన్ని చూసి ఆకాశానికెత్తేశాడు. టైలరమ్మ కుట్టు మధ్యలో ఆపి మరీ వచ్చి చూసి, "వదినా, ఇది బొమ్మా, నిజం పిట్టా?" అంది. అత్తగారు కొరికింది, నాకింది, "పనితనం ఉంది" అంది. కోడలికి సగం బల్ల చేతికొచ్చినట్టే అనిపించింది.

ఇన్‌స్పెక్టరు గారు పిట్టను ఒకసారి చూశారు. పాకుతూ దాని మీదుగా దాటి వెళ్లి, చాప అంచు నమలడం మొదలుపెట్టారు. పిట్ట వెల్లకిలా పడి చక్రాలు గాల్లో తిప్పుకుంటూ ఉండిపోయింది.

"పెద్దవాళ్లకి నచ్చే బొమ్మ చేశావమ్మాయ్. పెద్దవాళ్లు బొమ్మలు నోట్లో పెట్టుకోరుగా" అంది అత్తగారు.

"మీరు పెట్టుకుంటారుగా అత్తయ్యా" అని నోటిదాకా వచ్చింది కోడలికి. మింగేసింది.

రెండోసారి ఆర్భాటం లేకుండా కోడిగుడ్డంత గుండ్రటి గిలక్కాయ చేసింది. ఈసారి తనకు బాగా వచ్చిన విద్యంతా దాని మీద చూపించింది. రుద్దింది, మళ్లీ రుద్దింది, మైనం పూసి మళ్లీ రుద్దింది. అద్దంలా తయారైంది. ఇన్‌స్పెక్టరు గారు ముచ్చటపడి తీసుకున్నారు. జారింది. తీసుకున్నారు. జారింది. తడి చేతులతో మూడోసారి గట్టిగా నొక్కేసరికి అది ఎగిరి వచ్చి ఆయన గారి కాలి బొటనవేలి మీదే పడింది. ఆ ఏడుపుకి టైలరమ్మ మెడలో టేపుతో, చేతిలో కత్తెరతో పరిగెత్తుకొచ్చింది.

"చేపని చేశావు. ఎక్కడ ఆపాలో తెలీలేదు నీ చేతికి. ముద్దు ఎక్కువైపోయింది దాని మీద" అంది అత్తగారు.

నిజమే. ఉప్పు కాగితంతో ఏళ్ల తరబడి బతికిన చేయి తప్ప ఇంకో చేయి ఆ తప్పు చెయ్యదు. కోడలు మొహం వేలాడేసుకుని మళ్లీ వెనక బల్ల దగ్గరకు వెళ్లిపోయింది.

మూడోది ఏనుగు. కాళ్లు పొట్టి, తొండం పసి గుప్పిట్లో పట్టేంత లావు, నునుపు సరిగ్గా ఉండాల్సినంతే. అత్తగారు కొరికి చూసి తల ఊపింది. కొడుకు దాన్ని అందుకుని చాప మీద పెట్టాడు. ఇన్‌స్పెక్టరు గారు తొండం పట్టుకుని నోట్లో పెట్టుకున్నారు. కాసేపటికి వదిలేశారు. ఒక బంతి తీసుకున్నారు. బంతి వదిలేశారు. గిర్రున తిరిగి ఏనుగు దగ్గరకొచ్చారు!

నవ్వకూడదు కాబట్టి కోడలు కింది పెదవి పంటి కింద పెట్టుకుని గోడ వైపు చూస్తోంది. వాడు మళ్లీ వదిలాడు, మళ్లీ వచ్చాడు. తొండాన్ని జుర్రుతున్నాడు. అత్తగారి కనుబొమలు మాత్రం కిందికి రాలేదు. చాప దగ్గరకు వెళ్లి, ఏనుగును తీసుకుని, తొండం చివర నాలుకతో తాకింది. కళ్లు మూసుకుని ఆలోచించింది.

"అరటిపండు" అంది.

కోడలు నోరెళ్లబెట్టింది. ఆమె భర్త తేలు కుట్టిన దొంగలా రంపం పళ్లు పరీక్షగా చూడటం మొదలుపెట్టాడు.

"రంపానికి అరటిపండు అంటిందేమో చూస్తున్నావా నాయనా?" అని అడిగింది తల్లి.

అతను నీళ్లు నమిలాడు. "అంటే అమ్మా... కొంచెమే. పాపం రెండుసార్లు పోయింది కదా అని..."

"నాలుగంటే నాలుగే పళ్లు వాడికి. వాణ్ని మోసం చెయ్యడానికి మీసాలొచ్చినవాడివి నువ్వా? సిగ్గులేకపోతే సరి!"

తల్లి తిట్లు అతనికి అలవాటే, దులిపేసుకునేవాడు. కోడలు పెరట్లోకి వెళ్లిపోయి, పొట్టు బస్తాల మీద కూలబడింది. వెనకే వచ్చిన మొగుడి వైపు తిరిగి చూడలేదు.

"నీ కోసమే చేశాను" అన్నాడు.

"నా బొమ్మ గెలవదని మీకు ముందే తెలుసన్నమాట."

"అబ్బే, అలా కాదు..."

"అలా కాక ఇంకెలా? పిట్టని చూసి ఎగిరి గంతేశారు, ఏనుగుని చూసి అద్భుతం అన్నారు. లోపల మాత్రం అరటిపండు లేకపోతే దీనివల్ల కాదు అనుకున్నారు. అత్తయ్య మొహం మీదే తీసిపారేస్తుంది. ఆవిడే నయం."

ఆమెకు ఏడుపొచ్చింది, ఏడ్చేసింది కూడా. బల్ల పోయినందుకు కాదు, సొంత మనిషికే తన చేతి మీద నమ్మకం లేనందుకు.

అత్తగారు శిక్ష వేసింది. ఉప్పు కాగితం కొడుకు చేతిలో పెట్టి వెనక బల్ల దగ్గర, గోడకు ఎదురుగా, బల్లికి తోడుగా కూర్చోబెట్టింది. ఆ రోజు నుంచి ఇంట్లో అతని పేరు అరటిపండు. ఆ శిక్ష వల్ల ఒక మేలు జరిగింది. పెళ్లయ్యాక మొదటిసారి కోడలి చేతులకు ఏ పనీ లేకుండా పోయింది.

పని లేక, కొట్లో కూర్చుని మొగుడి వీపు చూడబుద్ధి కాక, ఆమె టైలరమ్మ ఇంటికి వెళ్లి కూర్చుంది. ఇన్‌స్పెక్టరు గారు ఆ పూట ఇంటిపట్టునే ఉన్నారు. గుడ్డ పీలికల మధ్య, ఖాళీ దారపు రీళ్ల మధ్య దొర్లుతున్నారు. కోడలు మోకాళ్ల మీద గడ్డం ఆనించి వాణ్నే చూస్తూ కూర్చుంది.

"ఏంటి వదినా, పెళ్లిచూపులకి వచ్చినట్టు అలా చూస్తున్నావు? మావాడికి కట్నం ఎక్కువ" అంది టైలరమ్మ సూదిలోకి దారం ఎక్కిస్తూ.

"ఉండు వదినా, కాసేపు మాట్లాడించకు."

వాడు ఎడం చేత్తో డబ్బా మూత తీసుకున్నాడు. చూశాడు, కొరికాడు, సంతోషంగానే ఉన్నాడు. కుడి చేయి ఊరుకోలేదు. నేల మీద తడుముకుంటూ వెళ్లి దారపు రీలు పట్టుకుంది. రీలు చేతికి రాగానే కళ్లు అటు తిరిగాయి. ఎడం చేయి దానంతటదే తెరుచుకుంది. మూత ఠంగున కింద పడింది. పడిన సంగతి వాడికి తెలియనే తెలియదు. ఇప్పుడు ఎడం చేయి ఖాళీ. అది తిన్నగా వెళ్లి గుడ్డ పీలిక అందుకుంది. రీలు పడిపోయింది.

కోడలు ముందుకు వంగింది. మళ్లీ అదే. ఇంకోసారి అదే. వాడు దేన్నీ కాదనడం లేదు. దేని మీదా విసుగు పుట్టి వదలడం లేదు. ఒక చేతికి పని దొరికితే రెండో చేయి పని వెతుక్కుంటూ పోతోంది, అది దొరకగానే మొదటి చేతి ఉద్యోగం పోతోంది, అంతే. కొట్లో ఉన్న బొమ్మలన్నీ ఆమె కళ్ల ముందు వరసగా నిలబడ్డాయి. కుందేలు, బంతి, ఏనుగు, పిట్ట. అన్నీ ఒంటిచేతి బొమ్మలే!

"రెండో చేయి!" అని గట్టిగా అరిచి లేచింది.

టైలరమ్మ ఉలిక్కిపడి వేలికి సూది గుచ్చుకుంది. "నీ చెయ్యి సంగతి సరే, నా వేలు చూడు" అనేలోపు కోడలు గుమ్మం దాటేసింది.

ఆమె మనసులోకి వచ్చిన వస్తువు చెప్పడానికి తేలిక. పొట్టి లావుపాటి కొయ్య కడ్డీ, రెండు చివర్లా గుండ్రటి బుడిపెలు, మధ్యలో వదులుగా కదిలే కడియాలు. కడియాలు అటూ ఇటూ జరుగుతాయి, టకటకమంటాయి, బుడిపెలు అడ్డం కాబట్టి ఊడి రావు. ఒక చేయి కడ్డీ పట్టుకుంటే రెండో చేయి కడియం పట్టుకుంటుంది. అతికించినదీ, మేకు కొట్టినదీ ఉండకూడదు, పసినోట్లో అవి ప్రమాదం. అంటే మొత్తం ఒకే కొయ్యలోంచి రావాలి. కొయ్య తరిణి మీద తిరుగుతుండగానే, సన్నటి వంకర ఉలితో కడియం కింది నుంచి రెండు వైపులా తొలుచుకుంటూ వెళ్లి, దాన్ని కడ్డీ నుంచి విడదీయాలి. చెయ్యడం మాత్రం తేలిక కాదు.

మర్నాడు మధ్యాహ్నం అత్తగారు పడక కుర్చీలో వాలగానే ఆమె కిటికీ దగ్గరకు వెళ్లింది. బల్ల మీద ఒక కొయ్య ముక్క పెట్టి ఉంది. బాగా ఎండినది, చీలిక లేనిది, నార ఒత్తుగా ఉన్నది. అలాంటిది కట్టెల గుట్టలోంచి ఏరాలంటే గుట్టంతా తిరగేయాల్సిందే. వెనక బల్ల దగ్గర అరటిపండు వెనక్కి తిరక్కుండా, చెవులు ఎర్రగా చేసుకుని ఉప్పు కాగితం రుద్దుతున్నాడు. కోడలు ముక్క తీసుకుంది.

మొదటి కడియం విడివడుతున్నట్టే ఉండి పుటుక్కున విరిగింది. ఆమె కొయ్య మార్చింది. ఈసారి ఉలి లోతుగా దిగి కడ్డీనే తినేసింది. తల ప్రాణం తోకకొచ్చింది. మూడు మధ్యాహ్నాలు పొట్టు తప్ప ఏమీ మిగల్లేదు. ప్రతి పూటా బల్ల మీద కొత్త ముక్క మాత్రం సిద్ధంగా ఉండేది. పడక కుర్చీలో అత్తగారు గురక పెడుతూనే ఉండేది. గురక పెట్టే మనిషికి ఒక కన్ను అలా సన్నగా తెరిచి ఉండటం ఎక్కడా చూడం, కానీ కోడలికి వెనక్కి చూసే తీరిక లేదు.

ఆఖరికి ఒక కడియం వదులైంది. కొయ్య ఇంకా తిరుగుతుండగానే అది విడివడి కడ్డీ మీద టక్కున కూర్చుంది. ఆమె ఊపిరి బిగబట్టి రెండోది, మూడోది విడదీసింది. తరిణి ఆపి, చేతిలోకి తీసుకుని ఊపింది. టకటకటక. ఒక్కతే నవ్వేసింది. ఇన్నేళ్లలో ఆ కొట్లో అంత ఆనందంగా ఆమె ఎన్నడూ లేదు.

ఉప్పు కాగితం తనే పట్టింది, కానీ ఈసారి చేతికి కాస్త పట్టు ఉండగానే ఆపేసింది. అత్తగారు కొరికింది, నాకింది, కడియాల మధ్య చిటికెన వేలు దూర్చి నొక్కి చూసింది. "వేలు నలగదు" అంది. చాప వైపు చూపించింది.

ఇన్‌స్పెక్టరు గారు వచ్చారు. కడ్డీ పట్టుకున్నారు. రెండో చేయి అలవాటుగా బయల్దేరింది, కడియం అందింది, ఆగింది. లాగారు. రాలేదు. ఇంకోవైపు లాగారు. టక్ మంది. వాడి నోరు గుండ్రంగా తెరుచుకుంది. చేతులు మార్చాడు. కడియం నోట్లో, కడ్డీ చేతిలో. కడ్డీ నోట్లో, కడియం చేతిలో. కూర్చుని ఆడాడు, పడుకుని ఆడాడు, పాకాల్సి వస్తే మోచేతుల మీద పాకాడు.

అందరూ వాడు ఎప్పుడు వదులుతాడా అని కాచుకుని కూర్చున్నారు. వాడు వదల్లేదు. అత్తగారు బంతి దొర్లించింది. చూశాడు, చేతులు ఖాళీ లేవు. డబ్బా మూత తెప్పించి ఎదురుగా పెట్టింది. చేతులు ఖాళీ లేవు. పాలు తాగేటప్పుడూ చేతిలోనే ఉంది. నిద్రపోయినా గుప్పిలి తెరుచుకోలేదు. టైలరమ్మ వాణ్ని, గిలక్కాయను కలిపి ఎత్తుకుపోయింది.

"గెలిచినట్టేగా అత్తయ్యా?" అంది కోడలు.

"ఎలా గెలుస్తుంది? వదిలితే కదా తిరిగొచ్చేది. పరీక్ష పూర్తి కాలేదు."

"వదలకుండా ఉండటం తిరిగి రావడం కంటే గొప్ప కాదా అమ్మా?" అన్నాడు వెనక బల్ల దగ్గర నుంచి కొడుకు.

"నిన్నెవరడిగారురా అరటిపండూ?"

మర్నాడూ అదే కథ, ఆ మర్నాడూ అదే. టైలరమ్మ లబోదిబోమంది. "స్నానానికీ వదలడు పిన్నిగారూ. వాణ్ని తుడవడం ఒక పని, దాన్ని తుడవడం ఇంకో పని. లాగబోతే ఇల్లెగిరిపోయేలా అరుస్తున్నాడు." అత్తగారు చలించలేదు. తన అత్తగారి రూలును తను మార్చేదేమిటి అని పట్టిన పట్టు మీదే ఉంది. అలా అని బొమ్మ బాగాలేదని అనే ధైర్యమూ లేదు. రెండింటి మధ్యా ఇరుక్కుని ఆవిడ కూడా చిరాకు పడుతోందని కోడలికి అర్థమవుతూనే ఉంది. కానీ ఎదురుగా కిటికీ, వెలుతురు, తరిణి కనిపిస్తుంటే మళ్లీ గోడకు ఎదురుగా కూర్చోవడం ఎంత కష్టమో ఆవిడకేం తెలుసు?

ఆఖరికి అత్తగారే ఒక దారి చెప్పింది. "ఇలా ఎన్నాళ్లు కూర్చుంటాం. దాన్ని వాడి చేతిలోంచి తీసి దూరంగా పెడదాం. ఏడుపు ఆపి, ఇంకోటి ఆడుకుని, మళ్లీ దాన్నే వెతుక్కుంటూ వచ్చాడా, బల్ల నీది. నీ బొమ్మ కాబట్టి నువ్వే తియ్యి."

కోడలు చాప మీద మోకాళ్ల మీద కూర్చుంది. వాడు ఆమెను గుర్తుపట్టి, కడియం నోట్లో పెట్టుకునే నవ్వాడు. గడ్డం మీద నుంచి చొంగ కారింది. ఆమె కడ్డీ చివర పట్టుకుంది. వాడి నవ్వు ఆగింది. వేళ్లు బిగించాడు. ఆమె వైపు చూశాడు. కింది పెదవి మెల్లగా ముందుకొచ్చి వణికింది.

వాడు వెతుక్కుంటూ వస్తాడని ఆమెకు రూఢిగా తెలుసు. ఒక్క గుంజు గుంజితే చాలు, కాసేపటి ఏడుపు, ఆ తరవాత ఆ బల్ల జీవితాంతం తనది. ఆమె వేళ్లు వదిలేసింది.

"నావల్ల కాదు అత్తయ్యా."

"బల్ల పోతుంది మరి."

"పోతే పోనివ్వండి. వాడు పట్టుకోవాలనే కదా ఇంత కష్టపడి చేశాను. పట్టుకున్నాడు. ఇప్పుడు నేనే లాక్కుంటే ఎందుకు చేసినట్టు?" లేచి వెనక బల్ల దగ్గరకు వెళ్లి, మొగుడి చేతిలోంచి ఉప్పు కాగితం తీసుకుంది. అతను ఆమెకు పక్కన చోటిచ్చి జరిగాడు.

"మెత్తటి మనసులతో పనులు జరగవు. నేను తీస్తాను చూడు" అని అత్తగారు కీళ్లు పటపటమంటుండగా చాప మీద చతికిలబడింది. అరచేయి చాచింది. "ఇలా తే."

ఇన్‌స్పెక్టరు గారు ఆ ఖాళీ అరచేతిని చూశారు. ఆవిడ మొహం చూశారు. మళ్లీ అరచేతిని చూశారు. ఆ తరవాత ఇల్లు కదిలించినా వదలని గిలక్కాయను తీసి, చొంగతో సహా, ఆవిడ చేతిలో పెట్టేశారు.

అత్తగారు బిత్తరపోయింది. వాడు తన రెండు ఖాళీ చేతుల్ని ఒకదాని తరవాత ఒకటి చూసుకున్నాడు. పక్కనే బంతి ఉంది. దాన్ని ఒకసారి తోశాడు. వెంటనే రెండు చేతులతో ఆవిడ ఒళ్లోకి ఎగబడి గిలక్కాయ లాక్కున్నాడు. పకపకా నవ్వాడు. మళ్లీ ఆవిడ చేతిలో పెట్టాడు. మళ్లీ లాక్కున్నాడు. పరీక్ష జరిగేటప్పుడు ఎవరూ నవ్వకూడదని శాసించిన మనిషి కళ్లజోడు జారిపోయేలా నవ్వడం మొదలుపెట్టింది. ఆ ఆటకు అంతూ పొంతూ లేదు. టైలరమ్మ వచ్చి గుమ్మంలో నిలబడి చూసి, పిలవకుండా తిరిగి వెళ్లిపోయింది.

చివరకు అత్తగారు నేల మీద చేయి ఆనించి లేచింది. కిటికీ దగ్గరకు వెళ్లింది. ఉలుల పెట్టె మూత వేసింది. నీళ్ల గ్లాసు, కళ్లజోడు డబ్బా, నడుం కింద పెట్టుకునే దిండు ఒక్కొక్కటే తీసింది. ఆ పాత బల్ల అంచు మీద ఒకసారి అరచేయి పెట్టి, కాసేపు అలాగే ఉంచింది.

"ఏంటలా చూస్తావు, వచ్చి సాయం పట్టు. నా సామానంతా నేనే మొయ్యాలా?" అంది.

కోడలు లేచి నిలబడింది. "తిరిగొచ్చాడనా అత్తయ్యా?"

"తిరిగొచ్చాడు, రూలు నిలిచింది. మా అత్తగారికి నేను జవాబు చెప్పుకోగలను." ఆవిడ దిండు దులిపింది. దులపాల్సినంత దుమ్ము దానికి లేదు. "ఇందాక నువ్వు గుంజుకున్నా, వాడొస్తే బల్ల ఇచ్చేదాన్నే. మాట మాటే కదా. కానీ ఇంత సంతోషంగా ఇచ్చేదాన్ని కాదే అమ్మాయ్."

కోడలికి కళ్లు మసకబారాయి. అత్తగారు అది చూడనట్టు కొడుకు వైపు తిరిగి, మంచి కొయ్య ఒకటి ఏరి పట్టుకు రమ్మని కసిరింది. ఇన్‌స్పెక్టరు గారు ఎలాగూ ఆ గిలక్కాయను అమ్మకానికి ఇవ్వరు, కొట్లో పెట్టడానికి ఇంకోటి కావాలి. అతను చేతిలో సిద్ధంగా ఉన్న ముక్కను భార్యకు అందించాడు. ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుని, కిటికీ పక్క బల్ల ముందు కూర్చుని, దాన్ని తరిణికి బిగించింది.